గట్టిగా ఉందని వద్దనుకున్న షూ: తొమ్మిది నెలలు వేసుకున్నాక నా మాట

షాపులో మొదటిసారి కాలు పెట్టినప్పుడు ఈ షూ నాకు నచ్చలేదు. మడమ చుట్టూ ఎవరో చేత్తో బిగించి పట్టుకున్నట్టు ఉంది. అరికాలి వంపు కింద ఏదో ఎత్తు తగులుతోంది. పక్కనే ఇంకో జత ఉంది, వేలితో నొక్కితే దూదిలా లోపలికి దిగిపోయేది. నా మనసంతా దాని మీదే. అయినా ఆ రోజు ఈ గట్టిదే తెచ్చుకున్నాను. తొమ్మిది నెలలుగా డ్యూటీకి ఇదే వేసుకుంటున్నాను కాబట్టి, ఇప్పుడు దీని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

నేను స్టాఫ్ నర్సుని. వయసు 44. వారానికి నాలుగైదు డ్యూటీలు, ఒక్కోటి 12 గంటలు, అంతా టైల్స్ మీదే. కూర్చునేది కేస్ షీట్లు రాసేటప్పుడే, అదీ కుదిరితే. ఫోన్‌లో చూస్తే మామూలు రోజున 11, 12 వేల అడుగులు పడతాయి. కానీ నన్ను అడిగితే నడక కంటే ఒకేచోట నిలబడటమే ఎక్కువ కష్టం. నడుస్తున్నప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ వదులవుతూ రక్తాన్ని పైకి తోస్తుంటాయి. డ్రెస్సింగ్ చేస్తూ ముప్పావు గంట కదలకుండా నిలబడితే ఆ తోపు ఉండదు. నీరంతా కిందికి దిగి, సాయంత్రానికి మేజోళ్ల పట్టీ చర్మం మీద గాడిలా పడుతుంది. నాలాగే గంటల తరబడి నిలబడే పని చేసేవాళ్లకి ఈ సమీక్ష పనికొస్తుందని రాస్తున్నాను: టీచర్లు, సెక్యూరిటీ వాళ్లు, కౌంటర్ల వెనక ఉండేవాళ్లు, వంటగదుల్లో పనిచేసేవాళ్లు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే కంపెనీ, ఒకే అర, పక్కపక్కన రెండు మోడళ్లు పెడితే ఒకదానిలో ఉన్నది రెండోదానిలో ఉండదు. పేరు చూసి కొంటే ఏమవుతుందో నాకు అంతకుముందు జతతో బాగా తెలిసింది.

ఆ జత సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే నా మడమ నొప్పి దాంతోనే ముడిపడి ఉంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉండేది. గోడ పట్టుకుని మునివేళ్ల మీద బాత్రూమ్ దాకా వెళ్లేదాన్ని. ఓ పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే సర్దుకునేది. సర్దుకుంటోంది కదా అని రెండు నెలలు పట్టించుకోలేదు. తర్వాత డ్యూటీలో కాసేపు కూర్చుని లేచినా అదే నొప్పి. "అక్కా, ఎందుకు కుంటుతున్నారు?" అని మా వార్డులో చిన్నమ్మాయి అడిగిన రోజున ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆయన బొటనవేలితో మడమ లోపలి వైపు, కాస్త ముందుకు, ఒకే ఒక్క చోట నొక్కారు. అమ్మా అని అరిచాను. "ఇదేనమ్మా" అన్నారు. ప్లాంటార్ ఫేషియైటిస్. పేరు నాకు తెలుసు, పేషెంట్ల ఫైళ్లలో ఎన్నిసార్లు చూశానో. నా కాలికి వచ్చాక గానీ అదేమిటో పూర్తిగా అర్థం కాలేదు. మడమ ఎముక దగ్గర మొదలై కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి అడుగున ఒక దళసరి పట్టీ ఉంటుంది, విల్లుకి నారి కట్టినట్టు. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు. అన్నీ కలిసి వంపు తిరిగి నిలబడటానికి ఆ నారే పెద్ద ఆధారం. బరువు పడ్డప్పుడల్లా వంపు కొంచెం దిగుతుంది, నారి సాగుతుంది. రోజూ మోతాదు మించి సాగుతుంటే మడమకి అతుక్కున్న చోట దెబ్బతింటుంది. రాత్రి నిద్రలో పాదం కిందికి వాలి ఉంటుంది కనుక నారి వదులుగా, కురచగా పడి ఉంటుంది. పొద్దున మొదటి అడుగుతో దాన్ని ఒక్కసారిగా లాగుతాం. ఆ మేకు దిగిన నొప్పి అదన్నమాట.

ఎక్స్‌రేలో మడమ ఎముకకి చిన్న ముల్లు కనిపించింది. ఎముక పెరిగింది, కోయించాలేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. అలాంటి ముల్లు ఉండి కూడా ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లు ఎంతోమంది ఉంటారని, నొప్పి పుట్టేది ఆ పట్టీలోనని డాక్టర్ గారు చెప్పారు. ఈ మాట ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే ముల్లు అనే మాట వినగానే భయపడిపోయే పేషెంట్లని నేను రోజూ చూస్తాను.

తర్వాత ఆయన, "మీ షూ ఒకటి ఇలా ఇవ్వండి" అన్నారు.

టేబుల్ మీద పేపర్ వేసి దాని మీద పెట్టారు. వెనక నుంచి చూడమన్నారు. కాలు లోపల లేకపోయినా షూ లోపలి వైపుకి ఒరిగి ఉంది. మడమ దగ్గర రెండు వేళ్లతో నొక్కితే అట్టముక్కలా లోపలికి పోయింది. ముందు కొస, వెనక కొస పట్టుకుని వంచితే పుస్తకం మడిచినట్టు సరిగ్గా నడిమధ్యలో మడత పడింది. "మీ పాదం ఇక్కడ వంగుతుందా?" అని అడిగారు. వంగదు కదా. పాదం వంగేది వేళ్ల మొదళ్ల దగ్గర. చివరికి తడి బట్ట పిండినట్టు మెలితిప్పితే అది పూర్తిగా తిరిగిపోయింది. ఎంత మెత్తగా ఉందో చూడండి అని అమ్మినవాళ్లు అంటే మురిసిపోయి తీసుకున్న జత అది. 14 నెలలు వాడాను. ఆ మెత్తదనం మొదటి రెండు మూడు నెలలే. ఆ తర్వాత లోపలి నురుగు అణిగిపోయి, నా పాదం దాదాపు నేల మీదే ఆనుతూ వచ్చింది. పైకి మాత్రం షూ కొత్తగానే కనబడేది.

మర్నాడు డ్యూటీ దిగి అటునుంచి అటే షాపుకి వెళ్లాను. సాయంత్రమే వెళ్లడం ముఖ్యం. రోజంతా నిలబడ్డాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, పొద్దున సరిపోయిన షూ సాయంత్రానికి పట్టేస్తుంది. డ్యూటీకి వేసుకునే మేజోళ్లే వేసుకుని వెళ్లాను. ఆ షాపులో ఉన్న పెద్దాయన నన్ను సైజు అడగలేదు, అదే నాకు నచ్చింది. "షూ విప్పి దీని మీద నిలబడండమ్మా" అని లోహపు కొలత పలక ఒకటి కింద పెట్టారు. 1920ల్లో అమెరికాలో చార్లెస్ బ్రానాక్ అనే ఆయన రూపొందించిన పలక అది. చాలా షాపుల్లో మూలన పడి ఉంటుంది, వాడేవాళ్లే తక్కువ. అది మూడు కొలతలు చూపిస్తుంది: మడమ నుంచి పొడవైన వేలి దాకా, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉన్న కీలు దాకా, ఇక వెడల్పు. రెండో కొలత సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఒకే పొడవున్న రెండు పాదాల్లో ఆ కీలు వేర్వేరు చోట్ల ఉండవచ్చు. షూ వంగే చోటూ, ఆ కీలూ ఒకచోట ఉండాలి.

కొలిస్తే తేలింది: నా ఎడమ పాదం కుడిదానికంటే 5 మిల్లీమీటర్లు పొడవు. అదీకాక కాలేజీ రోజుల నుంచీ నేను అడిగి కొనుక్కుంటున్న సైజు కంటే రెండూ పెద్దవే. ఇద్దరు పిల్లలు పుట్టాక నా పాదం పెరిగింది. గర్భంతో ఉన్నప్పుడు వంపు కొంచెం దిగి పాదం పొడవవడం, కొందరికి అది అలాగే ఉండిపోవడం మామూలే. పదహారేళ్లుగా నేను నా పాదాన్ని కురచ షూలో ఇరికిస్తున్నానన్నమాట. చిటికెన వేలి మీద తరచూ కాసే ఆనెకి కారణం కూడా అప్పుడే అర్థమైంది. పాదాలు రెండూ సమానంగా లేకపోతే పెద్ద పాదానికి సరిపడా కొనాలి, చిన్నదానిలో పలచటి మెత్త వేసుకోవచ్చు. చిన్నదాని కొలతకి కొని పెద్దదాన్ని సర్దుకోమంటే కుదరదు.

సైజు నంబర్ని ఎక్కువ నమ్మొద్దని కూడా అక్కడే తెలిసింది. బ్రిటిష్ సైజుల్లో ఒక నంబర్‌కీ తర్వాతిదానికీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ సైజుల్లో సుమారు 6.7. ఒక పద్ధతి నుంచి రెండో పద్ధతిలోకి మార్చి రాసేటప్పుడే కొన్ని మిల్లీమీటర్లు అటూఇటూ అవుతాయి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఒక పని చేయండి. సాయంత్రం పూట పేపర్ మీద నిలబడి, ఇంకొకరి చేత పెన్సిల్ నిటారుగా పట్టించి పాదం చుట్టూ గీత గీయించుకోండి. షూ వచ్చాక లోపల పాదం కింద పరిచి ఉండే ఇన్‌సోల్ బయటకి తీసి ఆ గీత మీద పెట్టండి. మీ వేళ్ల గీత ఇన్‌సోల్ బయటకి పొంగితే ఆ షూ ఎంత ఖరీదైనదైనా వాపసు పంపించేయడమే. తోలు సాగుతుందిలే అని ఉంచుకోకండి. వేళ్ల దగ్గర సాగేలోపు మీ వేళ్లే వంకరపోతాయి.

ఇక షూ. నల్లది, లేసులది. వంటింటి కాటా మీద పెడితే ఒక్కోటి 330 గ్రాములు తూగింది, తేలికైనదేమీ కాదు. మడమ వెనక గోడలో గట్టి రేకులాంటి అచ్చు ఉంది, దాన్ని హీల్ కౌంటర్ అంటారు. రెండు బొటనవేళ్లతో బలంగా నొక్కినా లోపలికి పోదు. తొమ్మిది నెలల తర్వాత నిన్న మళ్లీ నొక్కి చూశాను, ఇంకా అలాగే ఉంది. మెలితిప్పితే మధ్యభాగం తిరగనివ్వదు. వంచితే వేళ్ల మొదళ్ల దగ్గరే వంగుతుంది. మడమ వైపు ముందుకంటే 10 మిల్లీమీటర్లు ఎత్తు. ఈ కాస్త ఎత్తు వల్ల పిక్క కండరం, దాన్ని మడమకి కలిపే దళసరి స్నాయువు మీద లాగుడు తగ్గుతుంది, నాలాంటి నొప్పి ఉన్నవాళ్లకి అది హాయి. బొత్తిగా బల్లపరుపుగా ఉండే చెప్పుల్లో నా మడమ ఎందుకు అంత బాధపడేదో దీన్నిబట్టి తెలిసింది.

నాకు అన్నిటికంటే విలువైనది ముందు భాగం. లోపల అయిదు వేళ్లూ విప్పి ఆడించగలను. పొడవైన వేలికి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉంది. నడిచేటప్పుడు పాదం ప్రతి అడుగుకీ కొంచెం ముందుకి జారుతుంది, ఆ ఖాళీ దానికోసం. ఎనిమిదో నెలకల్లా నా చిటికెన వేలి మీద ఆనె దానంతట అదే మెత్తబడి పోయింది. నేను గీకలేదు, ఏ మందూ పెట్టలేదు. రాసుకునే చోటు లేకపోతే చర్మం అక్కడ గట్టిపడాల్సిన పనే లేదు. ఇన్నేళ్లూ దాన్ని కోసుకుంటూ, ప్లాస్టర్లు అంటించుకుంటూ గడిపాను.

మొదటి రోజులు మాత్రం ఇబ్బందిగానే ఉంది. వంపు కింద ఉన్న ఎత్తుకి పాదం అలవాటుపడటానికి రెండు వారాలు పట్టింది. మొదట ఇంట్లోనే శుభ్రమైన నేల మీద రోజుకో గంట, తర్వాత రెండు గంటలు, ఆ తర్వాత సగం డ్యూటీ. ఇంట్లోనే మొదలుపెట్టడంలో ఇంకో లాభం ఉంది, నప్పకపోతే మరక పడకుండా వాపసు ఇవ్వచ్చు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. వంపు కింద కొత్తగా తగలడం వేరు, కొన్నాళ్లలో అలవాటవుతుంది. వేళ్ల దగ్గర నొక్కడం, మడమ దగ్గర రాసుకుని బొబ్బ లేవడం వేరు. షాపులో నడిచినప్పుడే అలా ఉంటే అది మీ షూ కాదు.

నొప్పి ఈ షూ ఒక్కదాని వల్లే తగ్గిందని చెబితే అబద్ధమవుతుంది. పొద్దున కాళ్లు కింద పెట్టకముందే మంచం మీదే కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లని చేత్తో పట్టుకుని పైకి, నా వైపుకి లాగేదాన్ని. పది లెక్కపెట్టి వదలడం, అలా పదిసార్లు. రెండో చేత్తో అరికాలు తడిమితే ఆ నారి వీణ తీగలా బిగుసుకోవడం వేలికి తెలుస్తుంది. అలా బిగుసుకుంటేనే సరిగ్గా చేస్తున్నట్టు. ఇలా రోజుకు మూడుసార్లు. గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆన్చి ఉంచి పిక్క సాగదీయడం ఇంకోటి. డ్యూటీ నుంచి వచ్చాక గడ్డకట్టించిన నీళ్ల సీసా మీద, పలచటి గుడ్డ చుట్టి, అరికాలు పది నిమిషాలు దొర్లించేదాన్ని. ఆరో వారానికి పొద్దుటి మేకు కాస్తా ముల్లయింది. మూడు నెలలకి గోడ పట్టుకోవడం మానేశాను. ఈ నొప్పి చాలామందికి ఏడాదిలోపు ఇలాంటి మామూలు జాగ్రత్తలతోనే తగ్గుతుంది, ఓపిక మాత్రం కావాలి. ఇంట్లో టైల్స్ మీద వట్టి కాళ్లతో తిరగడం కూడా మానేశాను, ఇంటి లోపలికి విడిగా గట్టి అడుగున్న చెప్పులు పెట్టుకున్నాను. సెలవు రోజున ఓ పూట వట్టి కాళ్లతో తిరిగితే మర్నాడు పొద్దున తేడా తెలిసేది.

లోపాలు కూడా ఉన్నాయి. లేసులు గుండ్రంగా, జారుడుగా ఉన్నాయి. గంటకోసారి ఊడేవి. పేషెంట్ మంచం తోసుకెళ్తుంటే లేసు ఊడి కాలికింద పడింది ఒకసారి, చాలా ప్రమాదం. బల్లపరుపు లేసులు కొని మార్చాను, దాంతో ఆ బెడద పోయింది. పై చివర ఉన్న అదనపు రంధ్రంలోంచి లేసుని అదే వైపు వెనక్కి దూర్చి చిన్న ఉచ్చులా చేసి, రెండో వైపు లేసు అందులోంచి లాగి కడితే మడమ లోపల పైకీ కిందకీ కదలదు. ఆ రంధ్రం ఎందుకిచ్చారో చాలామందికి తెలియదు, డబ్బాలో కాగితం మీద కూడా చెప్పలేదు. నాలుక, అంటే లేసుల కింద ఉండే పట్టీ, పక్కకి జారిపోతుంది, రోజులో రెండుసార్లు సర్దుకోవాలి. ఆరో నెలలో కుడి షూ మడమ దగ్గర లోపలి గుడ్డ అరిగి చిరగడం మొదలైంది. ఇది నాకు నచ్చలేదు. ఇంత గట్టి అడుగు చేసినవాళ్లు ఆ గుడ్డ కూడా ఇంకొంచెం మంచిది వేయాల్సింది. తడి టైల్స్ మీద పట్టు పరవాలేదు, గొప్పగా లేదు. సబ్బు నీళ్ల మీద నెమ్మదిగానే నడుస్తాను.

గాలి తక్కువ ఆడుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రెండు పాదాల్లో కలిపి దాదాపు రెండున్నర లక్షల చెమట గ్రంథులు ఉంటాయంటారు. 12 గంటల తర్వాత ఇన్‌సోల్ చేత్తో ముట్టుకుంటే చెమ్మ తెలుస్తుంది. ఆ చెమ్మలో మళ్లీ మర్నాడు కాలు పెడితే నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, పొట్టు లేచి, దురద మొదలవుతుంది. అది ఫంగస్. నేను ఇంటికి రాగానే లేసులు పూర్తిగా వదులు చేసి, ఇన్‌సోల్ బయటకి తీసి, ఫ్యాన్ కింద పెడతాను. ఎండలో పెట్టను, జిగురు వదులుతుంది. కాళ్లు కడుక్కున్నాక వేళ్ల సందులు ఒక్కోటి విడదీసి తుడుచుకుంటాను. మడమలకి క్రీమ్ రాస్తాను గానీ వేళ్ల మధ్య రాయను. గోళ్లు తిన్నగా కత్తిరిస్తాను, మూలలు లోతుగా తవ్వితే గోరు చర్మంలోకి పెరుగుతుంది. నిజానికి ఈ షూకి ఇంకో జత తోడుండి, రోజు విడిచి రోజు వేసుకుంటే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. లోపలి నురుగులో కోట్ల కొద్దీ చిన్న గాలి గదులుంటాయి, రోజంతా నొక్కుకుపోయినవి మళ్లీ పైకి లేవడానికి దానికి విశ్రాంతి కావాలి. అయితే చవగ్గా దొరికాయని నాలుగు జతలు కొని ఏళ్ల తరబడి అటకెక్కించకండి. పాలీయురేథేన్‌తో చేసిన అడుగులు వాడకపోయినా గాల్లో చెమ్మకి లోలోపల కుళ్లి, వేసుకున్న రోజునే పొడిపొడిగా రాలిపోతాయి. మా ఇంట్లో ఒక జతకి అలాగే అయింది.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. బొటనవేలి మొదట్లో ఎముక బయటకి పొడుచుకొచ్చిన వాళ్లకి మామూలు వెడల్పుది నొక్కుతుంది, వెడల్పు రకం ఉంది, అదే అడగాలి. నొప్పి బదులు మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉన్నా, ఒక్క కాలే ఉన్నట్టుండి వాచినా, రాత్రి పడుకున్నా నొప్పి ఆగకపోయినా షూ షాపు మెట్లు ఎక్కే ముందు డాక్టర్ని కలవండి.

మా అమ్మకి కూడా ఇదే తెద్దామనుకుని ఆగిపోయాను. అమ్మకి 19 ఏళ్లుగా షుగర్. కిందటేడాది ఒక సాయంత్రం అమ్మ షూ విప్పుతుంటే లోపల్నుంచి చొక్కా గుండీ ఒకటి జారి కింద పడింది. మేజోడు తీసి చూస్తే బొటనవేలి కింద గుండీ అచ్చు, నాలుగు రంధ్రాలతో సహా, ఎర్రగా దిగి ఉంది. పొద్దున గుడికి వెళ్లింది, మధ్యాహ్నం బ్యాంకుకి వెళ్లింది, అంతా ఆ గుండీ మీదే నడిచింది. "నాకేం తెలియలేదే" అంది, నా మొహం చూసి తనే కంగారుపడి. నేను వార్డులో రోజూ కట్టే పుళ్లు ఇలాగే మొదలవుతాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు క్లినిక్‌లో సన్నని నైలాన్ దారంతో ఆమె అరికాలు పరీక్షించారు. 10 గ్రాముల ఒత్తిడి పడగానే వంగే దారం అది. కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పమంటారు. కుడి పాదంలో నాలుగు చోట్ల అమ్మ ఏమీ చెప్పలేదు.

స్పర్శ లేని పాదానికి నా షూ తగదు. నాకు మేలు చేసిన ఆ వంపు కింది గట్టిదనమే అమ్మకి తెలియకుండా పుండు చేయగలదు. ఆమెకి కావలసింది వేరు: లోపల కుట్లు తగలని మెత్తటి లైనింగ్, వేళ్ల పైన కూడా ఖాళీ ఉండేంత లోతు, బరువంతా ఒకేచోట పడనివ్వని ఇన్‌సోల్, వంగకుండా కట్టుకోవడానికి వెల్‌క్రో, వెనక కూడా మూసి ఉండటం. డాక్టర్ రాసిచ్చిన కొలతలతో విడిగా చేయించాం, దాని సమీక్ష ఇంకోసారి రాస్తాను. షుగర్ ఉన్నవాళ్లు ఆనెల మందు పట్టీలు అస్సలు వాడకండి, వాటిలో ఉండే ఆమ్లం మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. కాళ్లకి వేడినీళ్ల సంచి పెట్టకండి, నీళ్ల వేడి మోచేత్తో చూసుకోండి. అరికాళ్లు రోజూ అద్దంలో చూసుకోవాలి, కనబడకపోతే ఇంట్లో ఎవరైనా చూడాలి. మా ఇంట్లో అది రాత్రి ఎనిమిదింటికి, వార్తలు వచ్చే వేళ. అమ్మ కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని వేలు వేలూ విడదీసి చూస్తాను.

షూ వేసుకునే ముందు తిరగేసి దులపడం, లోపల చెయ్యి పెట్టి కొసదాకా తడమడం అమ్మకి ఇప్పుడు అలవాటైపోయింది. ఈ మధ్య నేను డ్యూటీకి బయల్దేరుతుంటే నా నల్ల షూ కూడా గుమ్మం దగ్గర తనే తిరగేసి, రెండుసార్లు తట్టి, లోపల చెయ్యి పెట్టి చూసి ఇస్తోంది.